ఆడబిడ్డ ఆవు

లిఫ్టులో వచ్చిన అతిథి

మా అపార్టుమెంటులో పై అంతస్తు వాళ్లు గృహప్రవేశానికి ఆవును లిఫ్టులో తెప్పించారు. తెనాలిలో ఇప్పుడిది మామూలైపోయింది, గంట లెక్కన ఆవును అద్దెకిచ్చేవాళ్లు కూడా తయారయ్యారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే నా నడుము ఎత్తయినా లేని తెల్లటి ఆవు తాపీగా బయటికి నడిచి, దేవుడికి పెట్టిన అరటిపళ్లు తొక్కలతో సహా తినేసి, పురోహితుడి ఉత్తరీయం వైపు చూసింది. అందరం పగలబడి నవ్వాం. మా అమ్మ ఒక్కతే నవ్వలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "అయితే నాన్న చెప్పింది అబద్ధం కాదన్నమాట" అంది.

అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, వయసులో ఉండగా ఒక వేరుశెనగ వ్యాపారి దగ్గర గుమాస్తా. కాయలు కొనడానికి మదనపల్లె వైపు వెళ్లి రెండేళ్లు అక్కడే ఉండి, తన కులంలోనే ఒక పల్లెటూరి అమ్మాయిని పెళ్లాడి తెనాలి తీసుకొచ్చాడు. ఆమె మా అమ్మను కని, ఏడాదిన్నర తిరక్కుండానే జ్వరంతో పోయింది. తాతయ్య వెంటనే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామె బంగారం. నేను అమ్మమ్మా అని పిలిచింది ఆవిడనే. తన కన్నతల్లి వేరే ఉందన్న సంగతి మా అమ్మకు పదిహేడేళ్లు వచ్చేదాకా తెలియదు. పెళ్లిపందిట్లో ఒక దూరపు బంధువు నోరు జారితే తెలిసింది.

ఆ తర్వాత తాతయ్యను గుచ్చి గుచ్చి అడిగితే ఆయన చెప్పినవి మూడే ముక్కలు. మీ అమ్మ పేరు సరస్వతి. ఆమె తండ్రి పేరు చిన్నప్ప. వాళ్లు ఆవులు కాసుకునేవాళ్లు, ఆ ఆవులు మేకంతే ఉండేవి. మూడో ముక్క వింటే తక్కిన రెండూ నమ్మబుద్ధి కాలేదంటుంది అమ్మ. టీవీలో వంటలు తప్ప ఏదీ చూడని మనిషి కాబట్టి పుంగనూరు ఆవుల సంగతి ఇన్నాళ్లూ ఆమె చెవిన పడలేదు.

అమ్మను తొలిచేది ఇవేవీ కావు. "కూతురు పోయింది సరే, మనవరాలినైనా ఒక్కసారి చూసిపోదామని వాళ్లకెందుకు అనిపించలేదే?" అని ఏడాదికోసారైనా అడుగుతుంది. అడిగి, వెంటనే కూరలో ఉప్పు సంగతో, పనిమనిషి సంగతో ఎత్తుతుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట అడిగి ఇంకే సంగతీ ఎత్తలేదు. నేను హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌ను. ప్రశ్న అడిగితే జవాబు రావలసిందే అన్నది నా ఉద్యోగధర్మం. డిసెంబరులో మూడు రోజులు సెలవు పెట్టాను.

మదనపల్లె: క్రేటు టమోటాలు

మదనపల్లెలో దిగగానే మొదట తెలిసింది చలి. మాకు డిసెంబరంటే ఫ్యాను రెండో నంబరు మీద పెట్టుకునే నెల. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి కూడా జనం చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, నోట్లోంచి పొగలు వదులుతూ టీ తాగుతున్నారు. పది రూపాయల టీ, చిన్న గ్లాసు. నేను మూడు తాగాను.

టీ తాగుతున్న చోటుకు ఎదురుగానే టమోటా మార్కెట్టు. ఎర్రటి పళ్ల క్రేట్లు నా ఎత్తున వరసలు కట్టి ఉన్నాయి. వేలం పాడేవాళ్లు ఏం అంటున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. ధర అడిగితే క్రేటు రెండొందలన్నారు. మా ఊళ్లో ముందురోజే కిలో నలభై పెట్టి కొన్నాను. నాలోని గృహిణి హెడ్‌మిస్ట్రెస్‌ను పక్కకు తోసేసింది. ఎవరో ఆపేలోపు ఒక క్రేటు కొనేశాను. పాతిక కిలోల టమోటాలతో మూడు రోజుల ప్రయాణం ఎలా చేస్తావని నన్ను నేను ప్రశ్నించుకునేసరికి కూలీ దాన్ని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టేశాడు.

క్రేటు లాడ్జిలో దింపి, పాత బజారులో వేరుశెనగ వ్యాపారం చేసినవాళ్ల కోసం వెతికాను. గానుగనూనె అమ్మే కొట్లో సుబ్బరామయ్య శెట్టి గారని ఎనభై దాటిన పెద్దాయన దొరికారు. చొక్కా మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

"అదంతా సరే గానీ, ఇప్పుడు యాల వెతుకుతాండావమ్మా? ఆస్తి ఏమన్నా వస్తాదా?"

"అబ్బే, అదేం లేదండీ. అందరూ వంశవృక్షాలు రాయించుకుంటున్నారు కదా, నేనూ రాసుకుందామని."

ఈ జవాబు దారిలోనే సిద్ధం చేసుకున్నాను. శెట్టి గారికి అది ఆనలేదు. "ఒక కాగితం కోసరం ఇంత దూరం వస్తారా ఎవురన్నా" అని, నేను ఆస్తి కోసమే వచ్చానని నిశ్చయించుకుని, అయినా పెద్దమనిషి కాబట్టి సాయం చేశారు. మా పక్క నుంచి వచ్చిన గుమాస్తాలు ఆ రోజుల్లో చౌడేపల్లె చుట్టూ ఉండే పల్లెల్లో కాయలు కొనేవారట. ఆవులవాళ్లు కూడా ఆ వైపే ఎక్కువట. "పుంగనూరికి పో. ఆడ ఆటోవాళ్లకి అన్ని పల్లెలూ తెలుసు" అన్నారు. నేను లేస్తుంటే పావుకిలో వేయించిన శెనక్కాయలు పొట్లం కట్టించి, డబ్బు తీసుకోలేదు. మా ఊళ్లో ఏ కొట్లోనూ ఇలా జరగగా నేను చూడలేదు, మా ఊరి మీద ప్రేమ ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి.

పుంగనూరు, చౌడేపల్లె: సరస్వతి ఎవరు?

పుంగనూరులో నేను ఎక్కిన ఆటో రెడ్డెప్పది. నలభై ఏళ్లుంటాయి. టమోటా క్రేటును చూసి, నన్ను చూసి, మళ్లీ క్రేటును చూశాడు.

"అమ్మా, ఈ టమోటాలు యాడికి?"

"ఎవరింటికైనా వెళ్తే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా నాయనా."

"పోయేదంతా టమోటా తోటలుండే ఊర్లకే గదమ్మా" అన్నాడు. అంతే, ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. చాలా మర్యాదస్తుడు.

దారి పొడుగునా మా వైపు కాలవలుండే చోట ఇక్కడ బండరాళ్లు ఉన్నాయి. ఇక్కడ గడ్డి కూడా బండల సందుల్లో వెతుక్కుని తినాల్సిందే. ఆవులు ఎందుకంత చిన్నవో నాకప్పుడు తెలిసింది. ఇంత తక్కువ మేతతో బతికి పాలు కూడా ఇస్తున్నాయంటే వాటికి దండం పెట్టాలి. రెడ్డెప్ప ఇంకో మాట చెప్పాడు. ఇప్పుడు వీటికోసం ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తున్నారట. లక్షల్లో బేరాలట. "మా నాయన కాలంలో ఊరికే ఇస్తామన్నా ఎవురూ తోలుకుపోలే" అన్నాడు.

చౌడేపల్లె దాటాక మూడు పల్లెలు తిరిగాం. మా వైపు ఊరికి కొత్తవాళ్లొస్తే ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు చెబితే ఎవరి తాలూకో తేలిపోతుంది. ఇక్కడ అందరూ నన్ను అడిగింది మీ ఇంటి దేవుడెవరని. సరస్వతి పుట్టింటి దేవుడు నాకేం తెలుసు? ఇరవై ఏళ్లుగా పిల్లల్ని ప్రశ్నలడిగి నిలబెట్టినదాన్ని, ఊరి మధ్యలో నీళ్లు నములుతూ నిలబడ్డాను.

మూడో పల్లెలో పాలకేంద్రం అరుగు మీద గుర్రప్ప అనే డెబ్బై అయిదేళ్ల పెద్దాయన కూర్చుని ఉన్నారు. చిన్నప్ప అనగానే నవ్వారు. "మా పల్లెలోనే ముగ్గురు చిన్నప్పలమ్మా. ఆవుల చిన్నప్పే గావాలంటే, ఆయప్ప పోయి శానా దినాలయె. కరువొచ్చినప్పుడు వాళ్లు ఆవుల్ని తోలుకుని కుప్పం పక్కకి పోయినారు."

నేను అరుగు దగ్గరికి జరిగాను. "ఆయనకు సరస్వతి అనే కూతురు ఉండేదాండీ?"

గుర్రప్ప గారు తల అడ్డంగా ఊపారు. "నేను అప్పుడు పసిబిడ్డను. ఆయప్ప కొడుకు తెలుసు, కోడలు మునెమ్మ తెలుసు, ఆయమ్మ ఇప్పుడు కుప్పం పక్క పల్లెలోనే ఉండాది. కూతురి సంగతి తెలీదు. సరస్వతా? మా పల్లెలో ఎవురికీ ఆ పేరు లేదమ్మా. మాయమ్మ ఊరందరి పేర్లూ చెప్తా ఉండె, ఆ పేరు నేను యెప్పుడూ వినలే." ఆ తర్వాత ఆయనా అడిగారు: "యాల, ఆస్తేమన్నా ఉండాదా?"

వంశవృక్షం జవాబు పనిచేయలేదు కాబట్టి ఈసారి షుగరు జవాబు చెప్పాను. మా ఇంట్లో అందరికీ షుగరు ఉంది, అది ఎవరి వైపు నుంచి వచ్చిందో డాక్టరు తెలుసుకోమన్నారు అని. ఆయన భార్య లోపలి నుంచి, "షుగరా? అయితే సంగటి తినాల్సిందే" అంటూ ఆకు వేసేసింది.

రాగిసంగటి ముద్ద, పక్కన పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్లతో పితికి తొక్క తీసి చేసే కూర అది. శీతాకాలంలోనే దొరుకుతుందట. నేను సంగటిని పద్ధతిగా నములుతుంటే ఇంటావిడ నవ్వు ఆపుకోలేక, "నమలకూడదమ్మా, కూరలో అద్ది మింగేయాల" అని తను మింగి చూపించింది. మూడో ముద్దకు వచ్చేసింది. కూర మాత్రం నాలుగుసార్లు వడ్డించుకున్నాను. బదులుగా నేను అయిదు కిలోల టమోటాలు ఇచ్చాను. వాళ్ల పెరటి గోడ అవతల ఎకరం టమోటా తోట ఉంది. ఆవిడ వాటిని కళ్లకద్దుకుని తీసుకుంది.

కడుపు నిండింది గానీ ఆటో ఎక్కాక ఏడుపొచ్చింది. తాతయ్య పేరు తప్పు చెప్పాడా? మా చిన్నప్ప ఈ చిన్నప్ప కాదా? అమ్మకు ఫోన్ చేసి ఏం చెప్పాలి? రేపు పొద్దున్నే బస్సెక్కి తిరుపతి మీదుగా ఇంటికి పోదామనుకున్నాను. రెడ్డెప్ప అద్దంలోంచి చూస్తూ, "ఇంత దూరం వచ్చినారు, కుప్పం యెంత దూరం అమ్మా? ఆ మునెమ్మ కాదంటే అప్పుడు పోండి. టమోటాలు కూడా అయిపోవాల గదా" అన్నాడు. టమోటాల గురించి మళ్లీ ఎత్తినందుకు అతన్ని క్షమించేశాను.

కుప్పం: మూడు భాషల కాఫీ

కుప్పంలో కాఫీ అడిగితే చిన్న స్టీలు గ్లాసు, దాని కింద గిన్నె ఇచ్చారు. పదిహేను రూపాయలు. ఎత్తి పోసుకుని చల్లార్చుకుంటూ తాగాలి. నేను మొదటి పోతకే చీర మీద ఒలకబోసుకున్నాను. పక్కన కూర్చున్నాయన తెలుగులో జాలిపడి, తమిళంలో కొట్టువాణ్ణి నీళ్లు అడిగి, కన్నడంలో ఫోన్ ఎత్తాడు. మూడూ ఒక్క నిమిషంలో. మా బళ్లో మూడు భాషల సూత్రం నేర్పడానికి పదేళ్లు పడుతుంది, ఒక్కటీ సరిగ్గా రాదు.

గుర్రప్ప గారు చెప్పిన పల్లెకు మధ్యాహ్నానికి చేరాను. మునెమ్మగారి ఇల్లు ఎవరినడిగినా చూపించారు. మూడు గదుల మిద్దె, వెనకాల పశువుల కొట్టం, వాకిట్లో ఎండకు పోసిన రాగులు. మునెమ్మగారు రాగుల పక్కనే పీట మీద కూర్చుని కోళ్లను అదిలిస్తున్నారు. ఎనభై ఉంటాయి, చూపు మాత్రం సూదిలా ఉంది.

నన్నూ, టమోటాలనూ చూసి, "మేము ఆవుల్ని అమ్మం పాపా. యా ఊరి నుంచి వచ్చినా అమ్మం" అన్నారు. యాభై రెండేళ్ల నన్ను పాపా అని పిలిచినవాళ్లు ఈ మధ్య కాలంలో ఎవరూ లేరు. ఆవును కొనడానికి రాలేదని చెప్పాను. మీ మామగారికి సరస్వతి అనే కూతురుందా అని అడిగాను.

"సరస్వతా? లేదే. మా మామకు ఒకే ఆడబిడ్డ. ఆ పేరు కాదు." ఆవిడ చేతిలో కర్ర ఆగింది. "నువ్వెవురు? యాల అడుగుతాండావు? ఆస్తి పంచాల్నా?"

వంశవృక్షం, షుగరు రెండూ నోటిదాకా వచ్చాయి. రెండూ మింగేసి నిజం చెప్పాను. మా అమ్మకు ఒక ప్రశ్న ఉందమ్మా, అందుకొచ్చాను. తల్లి చచ్చిపోతే, తల్లి పుట్టింటివాళ్లు పిల్లను చూడ్డానికి ఒక్కసారి కూడా ఎందుకు రాలేదని అడుగుతుంది. డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. జవాబు దొరక్కుండా పోతుందేమోనని నాకు భయంగా ఉంది, అన్నాను. చెప్పాక నాకే ఆశ్చర్యమేసింది. ఆ భయం ఉందని నాకు అంతకుముందు తెలియదు.

మునెమ్మగారు కర్ర పక్కన పెట్టారు. "లోపలికొచ్చి మజ్జిగ తాగు. ఎండన పడి వచ్చినావు" అన్నారు.

కొట్టంలో

మజ్జిగ తాగుతుండగా ఆవిడ మనవరాలు పావని ఆవుల్ని తోలుకొచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, డిగ్రీ అయిపోయింది, కాలికి రబ్బరు బూట్లు. అయిదారు ఆవులు, అన్నీ నడుము ఎత్తువే. ఒకటి వెనకబడి దారిలో పందిరి మీది చిక్కుడు తీగ లాగుతోంది. పావని వెనక్కి తిరిగి అరిచింది.

"ఏయ్ వెంకటలక్ష్మీ, బిన్నా రావే."

నాకు నవ్వొచ్చింది. గౌరి, తులసి అని పిలుస్తారు గానీ, ఆవుకి అంత పొడుగు పేరెవరు పెడతారు? అదే అడిగాను.

"అది ఆవు పేరు కాదు పాపా. ఆడబిడ్డ పేరు" అన్నారు మునెమ్మగారు. "మా ఇండ్లల్లో ఆడబిడ్డను ఇచ్చేటప్పుడు ఆయమ్మ పేరున ఒక పెయ్యను విడుస్తాము. దూరం ఊరికి ఇచ్చినామంటే పెయ్య ఈడ్నే ఉంటాది. దాని కడుపున పుట్టిన కోడెలు మావి, పెయ్యలు ఆడబిడ్డవి. ఆయమ్మ తరవాత ఆయమ్మ కూతురివి. ఆయమ్మ మాట లేకుండా అమ్మకూడదు, ఎవురికీ ఈకూడదు. ఆ వరసలో పెద్దావును ఆయమ్మ పేరుతోనే పిలుస్తాము. ఈ యావు మా ఆడబిడ్డ వెంకటలక్ష్మిది."

గ్లాసు కింద పెట్టేశాను. మా తెనాలి ఇంట్లో హాల్లో ఒక పాత ఫొటో ఉంది. తాతయ్య వాళ్ల అమ్మది. కింద పేరు రాసి ఉంటుంది: వెంకటలక్ష్మమ్మ.

మా వైపు అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరైతే కోడలి పేరు మార్చేస్తారు. అత్తగారి పేరు పెట్టి కోడల్ని కేకలేయడం కుదరదు కదా. మా చిన్నత్త పేరు కూడా అలాగే మారింది. పెళ్లయిన మర్నాటి నుంచి ఆమె శారద. అంటే ఈ ఊరి వెంకటలక్ష్మి మా ఇంట్లో అడుగు పెట్టగానే సరస్వతి అయిపోయింది. నేను మూడు రోజులుగా ఆమె పుట్టింటివాళ్లను మేం పెట్టిన పేరు పెట్టి అడుగుతున్నాను. వాళ్లకెలా తెలుస్తుంది?

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మునెమ్మగారు నా ముఖం తేరిపార చూశారు. తర్వాత ఒకే ఒక మాట అడిగారు.

"మీయమ్మ పేరు కమలా?"

నేను అంతవరకు అమ్మ పేరు ఎత్తలేదు. తల ఊపాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని పీట మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పటి నుంచి నేను అవ్వా అని పిలవడం మొదలుపెట్టాను, ఎవరూ చెప్పకుండానే.

అమ్మ ప్రశ్నకు జవాబు

అమ్మకు వీడియో కాల్ చేశాను. అమ్మ ఎప్పటిలాగే ఫోన్ చెవికి పెట్టుకుంది. తెరంతా చెవే. "ముఖం ఎదురుగా పెట్టుకోవే" అని అరిచి చెప్పాల్సి వచ్చింది. మునెమ్మవ్వ ఫోన్‌లోకి వంగి, "కమలా, నేను మీ మామ పెండ్లాన్ని, మీ అత్తను" అంది. అమ్మ, "ఆఁ?" అంది. అవ్వే చెప్పింది.

"మీ తాత రాకపోలేదు కమలా. వచ్చినాడు. నిన్ను ఎత్తుకొచ్చుకుందామనే వచ్చినాడు. మా అత్త నీకోసరం బొంత కుట్టిచ్చి పంపించింది. రైల్లో పోయి, మీ ఇల్లు వెతుక్కుని పోయినాడు. కాలవ గట్టు మింద ఇల్లు. వాకిట్లో మీ నాయన కొత్త పెండ్లాం కూకోని నీకు అన్నం పెడతా ఉన్నిందంట. నువ్వు ఆయమ్మ కొంగు పట్టుకోని నగుతా ఉండావంట. ఆయమ్మ కమలా, కమలా అని నిన్ను ఆడిస్తా ఉన్నిందంట. మీ తాత వీధిలోనే నిలబడి సూసినాడు. నేను పోయి తాతనని చెప్తే, ఈ బిడ్డకు తల్లి చచ్చిపోయిందని తెలిసిపోతాది, మేము పోతా వస్తా ఉన్నా తెలిసిపోతాది, తెలీకుండా పెరగనీ అనుకోని, ఇంట్లోకి కూడా పోకుండా తిరిగొచ్చేసినాడు. ఇంటికొచ్చి, బిడ్డ బాగుండాది, ఎవురూ పోవద్దండి అని చెప్పినాడంట. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అత్త నాకు అప్పజెప్పింది మొదట ఈ యావునే. కమల వచ్చినా, కమల బిడ్డలు వచ్చినా, ఇది వాళ్లది అనింది."

అమ్మ ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. చాలా చిన్నగా అడిగింది.

"నేను నవ్వుతూ ఉన్నానా అత్తా?"

"నగుతా ఉండావంట. మీ తాత సచ్చిపొయ్యేదాకా అదే చెప్తా ఉండె."

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పావని వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "అక్కా, ఏడవద్దు" అని తను కూడా ఏడ్చింది. మునెమ్మవ్వ మాత్రం ఏడవలేదు. చాలా ఏళ్లుగా మోస్తున్న బరువు దించినదానిలా గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. అమ్మను నలుగురు మనుషులు కలిసి పెంచారని నాకు ఆ సాయంత్రం తెలిసింది. ఇద్దరు దగ్గరుండి పెంచారు, ఇద్దరు రాకుండా ఉండి పెంచారు. కష్టమైనది ఆ రెండోదే.

ఏడుపులయ్యాక అవ్వ అసలు పని తీసింది. నెల కిందట వెంకటలక్ష్మి ఈనింది. పెయ్యదూడ. కరువుల్లో, జబ్బుల్లో పోగా ఆ వరసలో మిగిలినవి తల్లీ ఈ దూడా మాత్రమే. పావని ఊళ్లోనే ఆవుల మీద బతకాలనుకుంటోంది. ఉద్యోగానికి బెంగళూరు పొమ్మంటే పోలేదట. ఆ దూడను తనకివ్వమని నానమ్మను నెల నుంచీ బతిమాలుతోంది. దూడకు పేరు కూడా పెట్టలేదు.

"అది నీ సొత్తు కమలా. కార్లల్లో వచ్చి అడిగినోళ్లకి కూడా ఈ మాటే చెప్పి పంపించినా. మాది కాదు, ఆడబిడ్డది అని. ఆడబిడ్డ యాడుందో మాకు తెలీదు అంటే వాళ్లు నగినారు. ఇప్పుడు నువ్వే చెప్పు. తోలుకుపోతావా? ఈడ్నే ఉంచాల్నా? పావనికి ఈమంటావా?"

నాకు మా అపార్టుమెంటు లిఫ్టు గుర్తొచ్చింది. పావని ఫోన్ వైపే చూస్తోంది. అమ్మ ముక్కు తుడుచుకుంది. ఆవిడ కూరగాయల బండి దగ్గర ఎలా నిలబడుతుందో సరిగ్గా అలా నిలబడింది, నడుం మీద చెయ్యి పెట్టి.

"పావనికే ఇచ్చెయ్యండి అత్తా. కానీ ఒక షరతు. దూడకి నా పేరు పెట్టాలి."

అవ్వ చిక్కులో పడింది. "ఇచ్చినాక అది పావనిది గదా. పావని పేరే పెట్టాల. అదీ వరస."

"పావని పేరు దాని దూడకి పెట్టుకోండి. అంతదాకా నేనుంటాను."

అవ్వ వేళ్ల మీద వరస లెక్కేసుకుని, ఇందులో తప్పేమీ లేదని తేల్చింది. పావని కొట్టంలోకి పరిగెత్తి దూడను ఎత్తుకొచ్చి ఫోన్ ముందు పెట్టింది. అది అమ్మ ముఖాన్ని నాకింది, అంటే నా ఫోన్‌ను. ఆ రాత్రి మిగిలిన టమోటాలు కొన్ని కూరలో వేశారు, తక్కినవి వచ్చినవాళ్లకు పంచారు. పదిహేను మంది తిన్నారు. నన్ను చూడడానికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఆస్తి సంగతి అడగలేదు.

తెనాలిలో

వచ్చి రెండు నెలలైంది. అమ్మ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. పావని రోజూ పొద్దున్నే మా అమ్మకు, అంటే తన పెద్దమ్మకు, దూడ వీడియో ఒకటి పంపుతుంది. మోకాళ్ల నొప్పులతో లిఫ్టు లేకుండా ఒక్క మెట్టు ఎక్కని మా అమ్మ, ఫోన్ పట్టుకుని అపార్టుమెంటులో తలుపు తలుపూ తడుతోంది. నిన్న పై అంతస్తు వాళ్లింటికి కూడా వెళ్లింది. వీడియోలో కమల కొట్టం గోడ దాటి చిక్కుడు పందిరి కింద నుంచి దూసుకుపోతోంది, పావని వెనకాల బూట్లతో పరిగెడుతోంది.

"చూశారా" అంది అమ్మ వాళ్లతో, "ఎలా గెంతుతున్నానో."